అదృశ్య సంకేతములు, దృశ్యరూపములు: ఉత్ప్రేక్షావాచకమును గూర్చిన యొక విచారము

యంత్రములనుండి వెలువడు కంటికి గానరాని సంకేతములను గ్రహించి, ముందుగా నేర్పరచిన నియమమునకు లోబరచి, వానినుండి చిత్రములను పుట్టించు కళ యొకటి నేడు పాశ్చాత్యదేశములలో బాగుగ వ్యాపించియున్నది. దానిని వారు జెనరేటివ్ ఆర్ట్ అను విశాలశాఖలో జేర్తురు. మేము దీనిని నియమజనిత చిత్రకళ యని వ్యవహరింతుము. రేడియో తరంగము, అయస్కాంత క్షేత్రము, గాలిలోని ధూళికణము, విద్యుద్వినియోగము మున్నగునవి దీనికి వస్తువులు. తెలుగు శాఖవారి పత్రికలో దీని ప్రసక్తి యేల యని కొందరు శంకింపవచ్చును. కనబడనిదానికి రూపమిచ్చుట కవికి క్రొత్తపని కాదు. ఆ పనిని గూర్చి వేయేండ్లకు పైగా తర్కించిన శాస్త్రము మనకు గలదు. ఆ శాస్త్రమున నుత్ప్రేక్షాప్రకరణము ఈ చిత్రములను తూచుటకు మిక్కిలి యుపకరించునని మా యభిప్రాయము. మరియొక కారణమును గలదు. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతములలో ఈ జాతి చిత్రమొకటి ప్రదర్శనశాలలతో నిమిత్తము లేక, రైతు చేతిలో, నిత్యవ్యవహారమున నున్నది. దానిని వ్యాసము చివర విచారింతుము. అంతకు మున్ను వచ్చు చర్చ యెల్ల దానికొరకే.

ముందుగా నియమజనితమను మాటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. 1965 ఫిబ్రవరిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున గేయార్గ్ నేస్, అదే సంవత్సరము ఏప్రిలులో న్యూయార్కు హోవర్డ్ వైజ్ గ్యాలరీలో మైకేల్ నోల్, బేలా యూలెష్ గణకయంత్రము గీసిన చిత్రములను ప్రదర్శించిరి. ఆ చిత్రములలో నియమము కళాకారునిది, రేఖ యంత్రముది. మన దేశమున ఇట్టి యాలోచన పెరటి ముగ్గునుండి బయలుదేరుట గమనింపదగినది. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి దంపతులు కమలా కృతివాసన్‌తో గూడి చుక్కల ముగ్గులను పుట్టించు వ్యాకరణమును 1974లో ప్రకటించిరి. కొందరు పండితులు ఈ చర్చ వచ్చినపుడెల్ల పద్మబంధమును, నాగబంధమును జ్ఞప్తికి దెచ్చి, మన పూర్వులు దీనిని మున్నే సాధించిరని తృప్తిపడుదురు. ఆ పోలిక కొంతవరకే నిలుచును. బంధమున నక్షరమును, అది నిలుచు గడిని గూడ కవియే యెన్నుకొనును. సంకేతచిత్రమున వస్తువు బయటనుండి వచ్చును. అది యెట్లుండునో చిత్రకారుడు ముందెరుగడు. ఈ పరాధీనతయే దాని బలము, అపాయమును నదియే.

ఇక శాస్త్రము. ప్రకృతమైన వస్తువును మరియొకటిగా సంభావించుట యుత్ప్రేక్ష. ఉపమలో రెండింటికి సామ్యము చెప్పబడును. రూపకమున నభేదము చెప్పబడును. ఉత్ప్రేక్షలో మాత్రము బుద్ధి యొకవైపునకు మొగ్గియు పూర్తిగా నటు పడదు. రుయ్యకుడు దీనిని సాధ్యాధ్యవసాయమనెను. అనగా అధ్యవసాయము జరుగుచున్నది గాని ముగియలేదు. ముగిసినచో నది యతిశయోక్తి. అప్పయ్యదీక్షితులు కువలయానందమున దీనిని వస్తు, హేతు, ఫల భేదములచే మూడు విధములుగా విభజించిరి. ఈ ముగియనితనమును శ్రోతకు దెలుపునది వాచకము. తెలుగున 'కాబోలు', 'ఏమో', 'అనునట్లు', 'ఓ యన' మున్నగునవి యీ పనిని జేయును. చిన్నమాట యని దీనిని త్రోసిపుచ్చరాదు. 'కాబోలు' తొలగినచో కల్పన వార్తయగును. సామ్యము వలన నొకదానిని మరియొకటిగా నిజముగా భ్రమించుట భ్రాంతిమంతమున వర్ణితము. కాని కావ్యమున భ్రమపడునది చకోరము. కవియు సహృదయుడును భ్రమపడరు. ఆ దూరము వలననే యది యలంకారమైనది.

మేమడుగు ప్రశ్న యిది: సంకేతమును చిత్రముగా మార్చినపుడు ఆ చిత్రమున 'కాబోలు' అను మాట యెక్కడ నుండును?

దీనికి గట్టి యాక్షేపమొకటి గలదు. వాచకము లేని యుత్ప్రేక్షను శాస్త్రమే యంగీకరించినది. దానిని గమ్యోత్ప్రేక్ష యందురు. మాట లేకున్నను అర్థము స్ఫురించుచుండగా చిత్రమునుండి వాచకమును కోరుట యన్యాయము కాదా? ఆక్షేపము సరియైనదే. అయితే గమ్యోత్ప్రేక్షలో వాచకము పనిని సందర్భము చేయును. వినువాడు తాను కావ్యమును వినుచున్నానని యెరిగియుండును. ఆ యెరుక యెల్ల వేళల 'కాబోలు' అని లోలోపల పలుకుచునే యుండును. యంత్రము వెలువరించిన చిత్రమును చూచువానికి గల యెరుక దీనికి సరిగా వ్యతిరేకము. యంత్రము కొలుచును, కల్పింపదు అని యాతడు నమ్మియుండును. సందర్భమే ప్రమాణబుద్ధిని గలిగించుచున్నపుడు వాచకము గమ్యమగునని చెప్పుట చెల్లదు. అట్టిచోట దానిని చిత్రమునందే యెట్లో యొకట్లు నిలుపవలెను. ఈ దృష్టితో కొన్ని కృతులను పరిశీలింతము.

2011లో ఓస్లో నగరమున టిమో ఆర్నాల్, యోర్న్ క్నుట్సెన్, ఐనార్ స్నేవె మార్టినుస్సెన్ అను ముగ్గురు వైఫై తరంగముల బలమును ఛాయాచిత్రములలోనికి దెచ్చిరి. సుమారు నాలుగు మీటర్ల యెత్తుగల కడ్డీకి 80 దీపములను గూర్చిరి. తరంగము బలముగా నున్నచోట నెక్కువ యెత్తువరకు, క్షీణించినచోట తక్కువ యెత్తువరకు దీపములు వెలుగును. రాత్రివేళ కెమెరా కన్నును చాలసేపు తెరచియుంచి, ఒకడు ఆ కడ్డీని పట్టుకొని వీధివెంట నడచును. నడచినవాడు చిత్రమున మాయమగును. ఇండ్లముందు, చెట్లనడుమ వెలుగుకంబములు వరుసగా నిలిచిన తెర మాత్రము మిగులును. ఈ కృతి మాకు మిక్కిలి నచ్చినది. అందమొక్కటియే యందుకు కారణము కాదు. తెరలో కంబమునకు కంబమునకు నడుమ చీకటి సందులున్నవి. అవి కొలువని చోటులు. అడుగు తడబడినచోట కంబములు కొంచెము వంగియుండును. కొలిచినది మనుష్యుని చేయి యని యవి చెప్పుచునే యున్నవి. ప్రక్కన ఇంటి గోడ యుండుటచే ఎత్తును పోల్చుకొనవచ్చును. తరంగము నిజముగా వెలుగుతెరవలె నుండదని చూచువానికి వేరుగ నెవ్వరు జెప్పనక్కరలేదు. చీకటి సందే యిందు వాచకము.

ఈ పద్ధతినే రాబిన్ ప్రైస్ అను కళాకారుడు గాలి కాలుష్యమునకు వర్తింపజేసెను. ఫ్రాన్సిస్ పోప్ అను శాస్త్రవేత్త యందు సహకరించెను. సూక్ష్మధూళి యెక్కువైన కొలది దీపము లెక్కువమారులు మినుకుమనును. చిత్రమున వెలుగుచుక్కలు గుంపులుగ నేర్పడును. వీరు భారతదేశమునందును చిత్రములు దీసిరి. ఢిల్లీలోని పిల్లల యాటస్థలమొకటి, హిమాచల ప్రదేశములోని పాలంపూరులో నట్టిదే మరియొకటి. పాలంపూరులో ధూళి పరిమాణము ఢిల్లీకంటె 12.5 రెట్లు తక్కువ. ఇందు పై కృతిలో లేని చిక్కొకటి గలదు. కణమునకు చుక్కను సంకేతముగా నుంచినచో ఉపమేయమును ఉపమానమును మరీ దగ్గరయగును. చూచువాడు తాను కణములనే చూచుచున్నాననుకొనును. కాని నిజమైన కణము వెండ్రుక మందములో ఎన్నవవంతో! రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచినపుడే ఈ భ్రమ తొలగును. అపుడు కన్ను చుక్కను విడిచి రెండింటి తారతమ్యమును చదువును. జంటగా జూపినపుడు సత్కృతి, ఒంటిగా జూపినపుడు అనుమానాస్పదము అని మా తీర్పు.

హెహె యను పేర పనిచేయు హెలెన్ ఎవాన్స్, హైకో హాన్సెన్ ఇరువురు 2008 ఫిబ్రవరిలో హెల్సింకి నగరమున సల్మిసారి విద్యుత్కేంద్రపు పొగగొట్టమునుండి లేచు ఆవిరిమేఘముపై పచ్చని లేజరు రేఖతో దాని యంచులను గీసిరి. నగరవాసులు విద్యుత్తును తక్కువగ వాడిన కొలది పచ్చమేఘము పెద్దదగును. ఈ నియమమును ముందు వినినవానికి అది పొదుపునకు లభించిన బహుమానము. విననివానికి మేఘము పెరుగుట కాలుష్యము పెరుగుటగా దోచును, అర్థము తలక్రిందగును. వాచకము పూర్తిగా చిత్రమునకు వెలుపల, ప్రచారపత్రములలో నున్నది. ఆ పత్రములు చిరిగినపిమ్మట మిగులు చిత్రమేమని చెప్పును?

సెమికండక్టర్ యను జంట (రూత్ జర్మన్, జో గెర్హార్ట్) 2007లో తీసిన 'మాగ్నెటిక్ మూవీ' దీనికంటె సాహసమైనది. బర్క్‌లీలోని అంతరిక్షశాస్త్ర ప్రయోగశాల గదులలో అయస్కాంతరేఖలు రంగురంగుల తీగెలై గాలిలో మెలికలు తిరుగుచుండును. శాస్త్రజ్ఞుల కంఠస్వరములు తమ పరిశోధనలను వివరించుచుండును. ఆ తీగెలు కల్పితములు. వాని కదలికను నడిపినవి అతిస్వల్ప పౌనఃపున్య ధ్వనిలేఖనములు. నిజమైన గది, నిజమైన కంఠము, నిజమైన ధ్వని, నడుమ కల్పితరూపము! వాచకమును తెలిసియే దాచిన కృతి యిది. మేము దీనిని దోషముగా నెంచము. దీని రసమే యా సందేహము. అయితే దీనిని ఉత్ప్రేక్ష యనుటకంటె సందేహాలంకారమనుట యుక్తము.

డచ్చి కళాకారుడు రిచర్డ్ విజ్గెన్ 2015లో రచించిన 'ఆర్కిటెక్చర్ ఆఫ్ రేడియో' వేరొక తెగకు చెందినది. చేతిలోని పలకవంటి యంత్రమును నలువైపుల త్రిప్పినచో మన చుట్టునున్న సెల్ గోపురములు, వైఫై యంత్రములు, తలపై దిరుగు ఉపగ్రహములు, వానినుండి వెలువడు తరంగములు తెరపై గోచరించును. సుమారు 70 లక్షల గోపురములు, 1 కోటి 90 లక్షల వైఫై యంత్రములు, వందలకొలది యుపగ్రహములు దీని పట్టికలో నున్నవి. చూచినవారు విస్మితులగుదురు, న్యాయమే. అయితే యీ యంత్రము తరంగమును కొలువదు. చూచువాడు నిలిచిన స్థానమును దెలిసికొని, పట్టికలలో నమోదైన గోపురముల స్థానములనుబట్టి గణించి గీయును. కొలతకు గణనకు గల యీ భేదము నగరమున నంతగా బయటపడదు. గోపురము పట్టికలో నున్నచోట తరంగమును నుండును. దీనినే నల్లమలకు దెచ్చినచో? గిద్దలూరునుండి నంద్యాలకు బోవు రైలు దిగువమెట్ట దాటి యడవిలో బ్రవేశించినపుడుగాని, దోర్నాలనుండి శ్రీశైలము ఘాటురోడ్డు నెక్కునపుడుగాని, ఫోనులోని సంకేతము సన్నగిలి తెగిపోవుట ప్రయాణికుల కనుభవమే. గోపురముల స్థానములు దెలిసినంత మాత్రమున నడుమ కొండ యడ్డమున్న సంగతి దెలియదు. ఆ లోయలో సంకేతము లేకుండుటయే ముఖ్యవస్తువు. ఆర్నాల్ కడ్డీ యచ్చట చీకటిని జూపును. పట్టికనుండి పుట్టిన చిత్రము పట్టికకు దెలిసినదానినే చూపును.

ఫోను తెరపై గల చిన్న గీతలును సంకేతచిత్రమే. లోకమున నింతగా జూడబడు నియమజనిత చిత్రము మరియొకటి లేదేమో. ఎంత బలమునకు ఎన్ని గీతలను నియమము అన్ని ఫోనులకు నొక్కటి కాదు, చేసినవాని యిష్టము. 2010 జూలైలో ఆపిల్ సంస్థ తన ఫోనులో గీతలను లెక్కించు సూత్రమే పూర్తిగా తప్పనియు, అనేక సందర్భములలో ఉండవలసినదానికంటె రెండు గీత లెక్కువగ జూపుచున్నదనియు బహిరంగముగా నొప్పుకొన్నది. కోట్లమంది నమ్మిన గీతల వెనుక 'కాబోలు' ఉండెనని అపుడు గదా తెలిసినది!

ఇక మేము మొదట సూచించిన ప్రాంతీయ చిత్రమునకు వత్తము. పశ్చిమ ప్రకాశమున నేలక్రింది నీరే రైతునకు ప్రధానమైన యదృశ్యవస్తువు. బోరు వేయుటకు మున్ను నీరెక్కడ నున్నదో చూపించుకొనుట అచ్చటి యాచారము. అరచేత కొబ్బరికాయ నుంచుకొని పొలమున నడచువారు గలరు. వేపపుల్లను పట్టువారు గలరు. కాయ నిక్కి నిలిచినచోట నీరున్నదందురు. దాని సత్యాసత్యములు మా విషయము కాదు. భూభౌతికశాస్త్రము ననుసరించి యంత్రముతో పరీక్షించువారును గలరు. వారి పద్ధతి యిది. నేలలో నాలుగు లోహపు కడ్డీలను వరుసగా దిగవేసి, వెలుపలి రెండింటిగుండ విద్యుత్తును పంపి, లోపలి రెండింటి నడుమ విద్యుత్పీడన భేదమును కొలుతురు. దానివలన నేల విద్యుత్తునకు జూపు నిరోధము ఓమ్-మీటర్లలో తేలును. కడ్డీల యెడమును పెంచిన కొలది లోతైన పొరల సంగతి తెలియును. ఈ సంఖ్యలనుండి గణకయంత్రము భూమి నిలువుకోతను రంగులలో గీయును. సాధారణముగా నిరోధము తక్కువైనచోట నీలము, ఎక్కువైనచోట ఎరుపు.

ఈ నీలపు మచ్చయే మా వ్యాసమునకు మూలము. నీరుగల పగుళ్లలో నిరోధము తగ్గుట నిజము. బంకమన్నునందును తగ్గును. నేల స్వభావమునుబట్టి ఈ చిక్కు పెరుగును. మార్కాపురమునకు పేరుదెచ్చినది పలకరాయి. తరతరముల బిడ్డలు ఓనమాలు దిద్దుకొన్న నల్లపలక లీ నేలనుండి వచ్చినవే. కడప భూస్తరమండలములో నల్లమల వర్గమునకు చెందిన ఈ రాయిని భూశాస్త్రజ్ఞులు కంభము పేరుతోనే వ్యవహరింతురు. మొదట బురదగా పేరుకొని, ఒత్తిడిచే గట్టిపడి, పొరలుపొరలుగ చీలు గుణమును పొందినది. అట్టి రాయి శిథిలమై మరల బంకమన్నుగా మారినచోట, లేదా బొగ్గుపదార్థము గలిసి నల్లబడినచోట, నీరు లేకయే నిరోధము తగ్గవచ్చును. గణకయంత్రమునకు నీరెరుక లేదు, మన్నెరుక లేదు. తక్కువ సంఖ్య కనబడినచో నీలము పూయును. పైగా కొలిచిన యొకే రేఖకు పెక్కు విధములైన స్తరకల్పనలు సరిపోవునని యా శాస్త్రమే యొప్పుకొనును. అనగా ఆ రంగుల కోత యంతయు శాస్త్రపరిభాషలో నొక సంభావన. మన పరిభాషలో నుత్ప్రేక్ష. మేమెరిగినంతవరకు మంచి భూభౌతికజ్ఞుడు తన నివేదికలో 'ఉండవచ్చును' అను క్రియతోనే వ్రాయును. ఆ క్రియ వాక్యమున నున్నది, చిత్రమున లేదు. నివేదికను చదువనివాడు చిత్రమును జూచును. మన కన్నులకు నీలము నీరే గదా!

ఇచ్చట పైన చెప్పిన శాస్త్రభేదము ప్రాణసంకటముగ మారుచున్నది. కావ్యమున భ్రమపడునది చకోరము, మనము దూరమున నిలిచి యానందింతుము. ఇచ్చట చకోరస్థానమున రైతున్నాడు. నీలము నీరు కానియెడల, బోరునకు తెచ్చిన యప్పు మిగులును. ఓస్లో వీధిలో గాని బర్క్‌లీ గదిలో గాని చూచువాడు భ్రమపడినను నష్టపడునది యాతని యభిరుచి మాత్రమే. అందువలననే ప్రదర్శనశాల విమర్శకులు వాచకమును గూర్చి పట్టింపు లేక యుండగలిగిరని తలచుచున్నాము. కళ వేరు, శాస్త్రపటము వేరు, రెండింటికి నొకే కొలత కూడదని కొందరనవచ్చును. కాని ఆ నీలమును ఎన్నుకొన్నది శాస్త్రము కాదు, ఒక వర్ణసంప్రదాయము. దానిని మార్చి తక్కువ నిరోధమునకు గోధుమరంగు పూసినను కొలత చెడదు. కొలత చెడక రూపము మాత్రము మారగలచోట పనిచేయుచున్నది కళయే.

నీరు పడినను కథ ముగియదు. ఈ ప్రాంతపు నీటిలో ఫ్లోరైడు అధికమైన చోట్లు పెక్కు గలవు. భారతీయ ప్రమాణముల ప్రకారము లీటరునకు 1 మిల్లీగ్రాము వరకు మేలు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపదగినది. ఇది కంటికి, నాలుకకు తెలియని విషయము. పండ్లపై గోధుమరంగు చారలు తేలినపిమ్మట తెలియును. గ్రామములలో దీనిని కొలుచుటకు వాడు సులభపరీక్షలలో నొకటి జిర్కోనియమ్ జైలెనాల్ ఆరెంజ్ అను ద్రావకముతో జేయబడును. నీటిలో దానిని కలిపినచో ఫ్లోరైడు తక్కువైన గులాబివన్నె నిలుచును, ఎక్కువైన పసుపునకు దిరుగును. గొట్టమును పక్కనున్న రంగుపట్టికతో పోల్చి యంకె చదువుదురు. నీలపు మచ్చకు దీనికి గల భేదమును విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. ఇచ్చటను అదృశ్యవస్తువు రంగుగా మారినది. రంగు లెక్కలను పట్టి పుట్టినదే. కాని పట్టిక గొట్టము ప్రక్కనే యున్నది. రంగునకు రంగునకు నడుమ నెడ మున్నది. ఈ రెండింటికి నడుమ నెక్కడనో యున్నదని చూచువాడే చెప్పుకొనును. ఇది ఆర్నాల్ చీకటిసందు వంటిదే. ఈ పరీక్షను కళ యని యెవ్వరు ననలేదు. మా దృష్టిలో పైన పేర్కొన్న కొన్ని కృతులకంటె దీనియందే వివేకమెక్కువ.

ప్రసంగవశమున నొక మాట. అదృశ్యమును రేఖగా మార్చు పనికి మన దేశమున గొప్ప యాద్యుడు జగదీశచంద్ర బోసు. 1895లో కలకత్తాలో మిల్లీమీటరు తరంగములను ప్రదర్శించినవాడే, పిదప మొక్కల స్పందనమును మసిపట్టిన గాజుపలకపై తెల్లని చుక్కలుగా వ్రాయించెను. ఆయన తన బంగాళీ వ్యాససంపుటికి (1921) 'అవ్యక్త' మని, అందలి యొక వ్యాసమునకు 'అదృశ్య ఆలోక' మని పేరిడెను. సాహిత్యభాషను వదలక శాస్త్రమును జెప్పిన యా వ్యాసములను తెలుగున విమర్శదృష్టితో జదివినవారు తక్కువ. అది వేరొక వ్యాసమునకు విషయము.

పరిశోధక విద్యార్థులకు చేయదగిన పని యొకటి ఇందు గలదు. మార్కాపురము, గిద్దలూరు పరిసరములలో నీరుచూచువారు పలుకు వాక్యములను, భూభౌతిక నివేదికలలోని వాక్యములను, బోరుబండివారు రంధ్రము వేయునపుడు పలుకు వాక్యములను వేరువేరుగ సేకరింపవలెను. ఎవరు 'ఉన్నది' అందురు, ఎవరు 'ఉండవచ్చు' అందురు, ఎవరు 'పడినది' అను భూతకాలముతోనే మాటాడుదురు అని పరిశీలింపవలెను. బోరుబండి గాలిదెబ్బతో పైకి జిమ్ము పొడి లోతు పెరిగిన కొలది ఎరుపునుండి పసుపునకు, పసుపునుండి పలకరాతి నలుపునకు రంగు మారుచుండును. పొలము గట్టున నిలిచి రైతు జూచుచుండునది ఆ పొడినే. ఆ రంగులకు వారు పెట్టుకొన్న పేర్లను గూడ సేకరణలో జేర్చుట యవసరము.